ఎదురుగాలిలో ఎవరి వెనక ఎవరు

అమ్మాయీ,

ఆదివారం హాఫ్ మారథాన్‌కి క్లబ్బు జట్టు బాధ్యత నీ నెత్తిన పెట్టారని మీ నాన్న చెప్పాడు. సంతోషం. నిన్న ఫోన్ చేస్తే "పెదనాన్నా, ఇదంతా నాకు గుర్తుండదు, రాసి పంపు, మా వాళ్లందరికీ చదివి వినిపిస్తాను" అన్నావు. అందుకే ఈ ఉత్తరం. నా మోకాళ్లు పరుగు మాని ఆరేళ్లయింది, నోరు మాత్రం ఇంకా మానలేదు.

వాతావరణం సంగతి చూశాను. 5 డిగ్రీల చలి, గంటకు 30 కిలోమీటర్ల గాలి అంటున్నారు. రెండూ కలిస్తే ఒంటికి తెలిసేది సున్నా డిగ్రీల చలి. అయినా చలి గురించి మరీ టెన్షన్ పడకు. పరుగు మొదలైన పది నిమిషాలకి ఒళ్లు వేడెక్కి అది దారికొస్తుంది. గాలి అలా కాదు, 21 కిలోమీటర్లూ నీతో బేరమాడుతూనే ఉంటుంది.

ఆ బేరం ఎంత అన్యాయమో లెక్క చెబుతాను విను. మీలో చాలామంది కిలోమీటరుకి 5 నిమిషాల మీద పరిగెడతారన్నావు. అంటే గంటకు 12 కిలోమీటర్లు. గాలి వీచని రోజు కూడా ఆ వేగంలో ముందున్న గాలిని తోసుకుంటూ పోవాలి. ఆ ఒత్తిడిని ఒక వంతు అనుకో. వాతావరణం వాళ్లు గాలిని కొలిచేది నేలకు 10 మీటర్ల ఎత్తున. మనిషి ఎత్తులో అది తగ్గుతుంది కాబట్టి ఎదురుగాలి 20 అనుకుందాం. అప్పుడు నిన్ను కొట్టే గాలి వేగం 12, 20 కలిపి 32. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్కన ఒక వంతు కాస్తా ఏడు వంతులు దాటుతుంది. సగం దారిలో వెనక్కి మలుపు తిరిగాక అదే గాలి వీపు తోస్తుంది కదా, పోయిందంతా తిరిగొస్తుందిలే అనుకుంటారు అందరూ. రాదు. గాలి నీకన్నా 8 కిలోమీటర్లే ఎక్కువ వేగంతో పోతుంది కాబట్టి, నువ్వు మోసే ఆ ఒక వంతూ పోయి, పైన అర వంతు తోపు కూడా సరిగ్గా దొరకదు. ఆరు పోగొట్టుకుని ఒకటిన్నర తెచ్చుకోవడమన్నమాట.

అందుకని, మలుపు దాకా వాచీలో పేస్ చూడొద్దని అందరికీ గట్టిగా చెప్పు. కిలోమీటరు 5 నిమిషాల 20 సెకన్లు చూపిస్తే గుండె గుభేల్మంటుంది, వెంటనే కాళ్లు తొందరపడతాయి. ఊపిరి చూసుకోమను. పక్కవాడితో రెండు ముక్కలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. మీ దారి మొదటి సగం గాలికి ఎదురుగా ఉండటం ఒక రకంగా అదృష్టం. చెమటతో తడిసిన ఒంటికి చివర్లో ఎదురుగాలి తగిలితే ఆ బాధ వేరు.

ఇక అసలు సంగతి. ఇంత గాలిలో ఒక్కళ్లూ విడిగా పరిగెత్తకూడదు. 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందంతో వెళ్లిన గ్రిఫిత్ ప్యూ అనే శాస్త్రవేత్త పరుగు మీద కూడా పరిశోధన చేశాడు. వేగంగా పరిగెత్తేవాడు మరొకడి వెనక ఒక మీటరు దూరంలో ఉంటే, గాలిని తోయడానికి పోయే శక్తిలో దాదాపు 80 శాతం ఆదా అవుతుందని 1971లో లెక్కగట్టాడు. మీ వేగానికి అంకె అటూ ఇటూ అయినా, వెనకున్నవాడికి సుఖం మాత్రం ఖాయం. నీకు తెలియనిది కాదు గానీ, తెలిసిన పనే పోటీ రోజున ఎవరూ చేయరు.

ఐదారుగురు ఒక వరుసగా కట్టండి. ముందున్నవాళ్లు రెండు మూడు నిమిషాలు గాలి మోసి, పక్కకి ఒక అడుగు జరిగి, వరుసను ముందుకి పోనిచ్చి చివర్లో కలవాలి. ఇక్కడే ఒక తప్పు జరుగుతుంది. కొత్తగా ముందుకొచ్చినవాడికి అప్పటిదాకా విశ్రాంతి దొరికింది కదా, ఉత్సాహం ఆపుకోలేక వేగం పెంచేస్తాడు. పాపం అప్పుడే గాలి మోసి వెనక్కి జరిగినవాడు వరుస అందుకోలేక తెగిపోతాడు. నాలుగుసార్లు ఇలా జరిగితే జట్టు ఉండదు. కాబట్టి వంతు మారినప్పుడు వేగం మారకూడదు, ఒక్క సెకను కూడా. వెనకున్నవాళ్లు ముందువాడి మడమలు కాకుండా భుజాలు చూడాలి, లేకపోతే కాళ్లు తొక్కుకుంటారు. గాలి పక్కనుంచి కొడుతుంటే వరుస నిటారుగా ఉండి లాభం లేదు, గాలి రాని వైపుకి కాస్త ఏటవాలుగా జరగాలి. నీళ్ల బల్లల దగ్గర వరుస తెగడం ఖాయం. దాటాక యాభై అడుగులు నెమ్మదిగా పోయి కలుసుకోండి.

ఇందులో సిగ్గుపడే సంగతి ఒకటి నాకే జరిగింది. ఒక ఏడాది ఇలాంటి గాలిలోనే, పేరు కూడా తెలియని ఒకాయన వీపు వెనక పదకొండు కిలోమీటర్లు దాక్కున్నాను. ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, చేత్తో రమ్మన్నాడు. చూడనట్టే ఊరుకున్నాను. చివరి రెండొందల మీటర్లలో ఆయన్ని దాటేశాను. నియమం ప్రకారం తప్పేమీ లేదు. గీత దాటాక ఆయన నాతో చెయ్యి కలిపి, "నా వీపు బాగుందా?" అన్నాడు. ఆ పతకం ఎక్కడుందో నాకు గుర్తులేదు, ఆ మాట మాత్రం పోలేదు.

దీనికి ఎదురు కథ 2018 బోస్టన్ మారథాన్‌ది. ఆ రోజు ఒళ్లు గడ్డకట్టించే చలి వాన, ముఖం మీద కొట్టే గాలి. మొదట్లోనే అమెరికా పరుగుల మనిషి డెజ్ లిండెన్‌కి ఒళ్లు బాగాలేదనిపించి, నేను మానేస్తానేమో, నీకు సాయం కావాలంటే చెప్పు అని తన దేశానికే చెందిన షలేన్ ఫ్లానగన్‌తో అంది. ఫ్లానగన్ టాయిలెట్‌కి ఆగితే, లిండెన్ ఆమె కోసం వేగం తగ్గించి మళ్లీ గుంపులో కలిపింది. అలా ఇతరుల పని చేస్తూ చేస్తూ చివరికి తనే గెలిచింది, 2 గంటల 39 నిమిషాల 54 సెకన్లలో. సాయం చేస్తే గెలుస్తారని నేననను, అలా ఎప్పుడోగాని జరగదు. మానేద్దామనుకున్న మనిషికి ఇంకొకరి పని దొరికితే కాళ్లు ఆడతాయి, అంతవరకు నిజం.

జట్టు ఫలితం ఎలా లెక్కేస్తారో శనివారంలోపు కనుక్కో. ప్రపంచ హాఫ్ మారథాన్ పోటీల్లో ఒక దేశానికి మొదట వచ్చిన ముగ్గురి సమయాలే కలిపేవారు. మీకూ అలాగే అయితే, నాలుగో వాళ్లూ ఐదో వాళ్లూ మలుపు దాకా ఎక్కువ గాలి మోయడం తెలివైన పని. కానీ ఆ మాట వాళ్లే అనాలి, నువ్వు ఆజ్ఞ వేయకూడదు.

బట్టల గురించి పెద్దగా చెప్పను. నూలు బనీను వద్దు, తడిని పట్టుకుని వదలదు. పల్చటి పొడుగు చేతుల చొక్కా, దాని మీద నంబరు రాసిన బిబ్, చేతికి గ్లౌజులు. నిలబడి ఉన్నప్పుడు కొంచెం వణికితే బట్టలు సరిపోయినట్టే. మొదలయ్యేదాకా పెద్ద చెత్త సంచికి తలకీ చేతులకీ చిల్లులు పెట్టి తొడుక్కోండి, చూసేవాళ్లు నవ్వితే నవ్వనీ. వేళ్లు మొద్దుబారితే దారిలో శక్తికి తినే జెల్ ప్యాకెట్టు చిరగదు, మూల ముందే కొంచెం కత్తిరించుకోమను. చలిలో దాహం తెలియదు, అయినా రెండు గుక్కలు తాగమను.

ఎవరైనా మాట తడబడుతున్నా, నడక తూలుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నా అది అలసట అనుకోవద్దు. ఒళ్లు చల్లబడిపోతోందని అర్థం. పోటీ వదిలేసి అక్కడే ఆపి, డాక్టరు గుడారానికి తీసుకెళ్లండి.

గీత దాటిన పది నిమిషాలే అన్నిటికన్నా చెడ్డవి. కాళ్లు ఆగాయి, వేడి ఆగింది, ఒంటి మీద తడి బట్టలు, గాలి అలాగే ఉంది. మొదట వచ్చినవాళ్లు ఫొటోలకి పోకుండా బట్టలు మార్చుకుని, మిగతావాళ్ల సంచులు పట్టుకుని గీత దగ్గరికి రావాలి. మీ జట్టులో అందరికన్నా ఆఖరున వచ్చేవాళ్లు అందరికన్నా ఎక్కువసేపు ఆ చలిలో ఉన్నారు, వాళ్లకి పొడి చొక్కా ముందు అందాలి. సంచులు ఎవరు తేవాలో శనివారమే పేరు పెట్టి తేల్చుకో. పొడి మేజోళ్లు రెండు జతలు సంచిలో ఎక్కువ పెట్టుకో, ఎవరో ఒకరు మరిచిపోతారు. మా క్లబ్బులో ఆ ఎవరో ఎప్పుడూ నేనే.

ఆదివారం రాత్రి ఫోన్ చెయ్యి. టైము తర్వాత చెబుదువుగాని, వరుస ఎక్కడ తెగిందో ముందు చెప్పు.

పెదనాన్న