వదులుకోవడానికి ముందు చేయవలసిన పని

దూరమైన స్నేహితురాలి ఉత్తరాలను పారవేయలేకపోతున్నానని, ఆకురాలు కాలంలో ఆ బాధ మరింత పెరుగుతోందని మీరు రాశారు. చెట్టు సైతం ఆకును ఉన్నపళంగా విడిచిపెట్టదు. పగటి నిడివి తగ్గుతున్న కొద్దీ పత్రహరితాన్ని విడగొట్టి, నత్రజని, భాస్వరం వంటి పోషకాలలో చాలా భాగాన్ని కొమ్మల్లోకి తీసుకున్న తరువాతే, కాడ మొదట్లో ఏర్పడిన పలుచని కణాల పొర దగ్గర ఆకు తెగిపోతుంది. కనుక ముందుగా ఆ ఉత్తరాలను నిదానంగా చదివి, ఆ స్నేహం మీకు నేర్పినవాటిని, ఆమె మాటల్లో మీకు ధైర్యమిచ్చిన వాక్యాలను ఒక పుస్తకంలో రాసుకోండి. ఈ పని తొందరపడి చేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఓక్ జాతి చెట్లలో కొన్ని ఎండిన ఆకులను వసంతం దాకా అంటిపెట్టుకునే ఉంటాయి. మీకూ రెండు మూడు ఉత్తరాలపై మనసు ఒప్పకపోతే, వాటిని ఈ ఏడాదికి పెట్టెలోనే ఉండనివ్వండి.