పోర్ట్‌లాండ్‌కు తడ మీదుగా

ప్రశ్న: అక్కా, హైదరాబాద్‌లో ఫుట్‌వేర్ డిజైన్ చివరి ఏడాది చదువుతున్నాను. నైకీలోనో అడిడాస్‌లోనో డిజైనర్‌గా చేరాలని నా కోరిక. ఏడాదిగా అప్లై చేస్తూనే ఉన్నా, ఒక్క జవాబూ లేదు. అసలు బయట దేశాల్లో ఎవరిని తీసుకుంటున్నారు? ఇంట్లోనేమో "చెప్పులు కుట్టడానికి ఇంత ఫీజా" అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఒక విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: ముందు ఇంట్లో వాళ్ల మాట తేల్చుకుందాం చెల్లీ. మా తాత నిజంగానే చెప్పులు కుట్టాడు. ఆరె, రంపె, గూటం, అంతే ఆయన సామాను. ఎవరి కుడికాలు ఎడమకాలి కంటే పెద్దదో, ఎవరి బొటనవేలు పక్కకు తిరిగిందో కాలు చూడకుండానే చెప్పేవాడు. ఇవాళ కంపెనీలు ఆ పనికి 'ఫిట్' అని పేరు పెట్టి, ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టుకుని జీతాలిస్తున్నాయి.

ఇక ఉద్యోగం. నువ్వు తడుతున్న తలుపులు రెండు ఊళ్లలోనే ఉన్నాయి. నైకీది అమెరికాలో పోర్ట్‌లాండ్ పక్కనున్న బీవర్టన్. అడిడాస్‌ది జర్మనీలో హెర్జోగెనౌరాఖ్ అనే చిన్న ఊరు. పూమా కూడా అక్కడే. అన్నదమ్ములు పోట్లాడుకుని విడిపోయి పెట్టుకున్న కంపెనీలవి, ఊరు మాత్రం మారలేదు! 2024 ఫిబ్రవరిలో నైకీ తన సిబ్బందిలో 2 శాతం మందిని తగ్గిస్తానంది. 2025 మొదట్లో అడిడాస్ తన హెడ్డాఫీసులో 500 దాకా ఉద్యోగాలు తగ్గవచ్చని చెప్పింది. అంటే పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా నీ ముందు క్యూలో నిలబడి ఉండొచ్చు. పైగా అమెరికా అయితే వీసా గొడవ ఒకటి. కాలేజీ నుంచి నేరుగా ఆ కుర్చీలో కూర్చోవడం అసాధ్యమని అనను. కానీ దాని మీదే ఆశ పెట్టుకుని ఇంట్లో కూర్చోవద్దు.

బొమ్మ అక్కడ గీసినా, చెప్పు పుట్టేది వేరే చోట. నైకీ బూట్లలో దాదాపు సగం వియత్నాంలో తయారవుతాయి. అడిడాస్ బూట్లు మన తడ దగ్గర కూడా చేస్తారు, అపాచీ ఫ్యాక్టరీలో. చెన్నై వెళ్లే హైవే మీద ఎన్నిసార్లు ఆ పక్కనుంచి పోయి ఉంటావో! డిజైనర్ గీసిన బొమ్మను కుట్టగలిగే చెప్పుగా మార్చే మనిషిని 'డెవలపర్' అంటారు. ఆ మనిషి అవసరం ఫ్యాక్టరీ ఉన్న ప్రతిచోటా ఉంటుంది. హోచిమిన్ సిటీలో, తైవాన్ కంపెనీల్లో, చైనాలో దోంగ్‌గ్వాన్‌లో, ఇటు ఆంబూరు, రాణిపేటల్లో. ఉద్యోగ ప్రకటనల్లో 'డిజైనర్' అన్న మాట ఒక్కటే వెతక్కు. డెవలపర్, ప్యాటర్న్, త్రీడీ, మెటీరియల్స్ అని కూడా వెతుకు.

నా మొదటి ఇంటర్వ్యూ చెన్నైలో ఒక చిన్న కంపెనీలో. ఇరవై రంగు రంగుల స్కెచ్‌లు పట్టుకెళ్లాను. ఆయన ఫైలు తెరవనే లేదు. కాలి ఆకారంలో ఉండే 'లాస్ట్' ఒకటి, మాస్కింగ్ టేపు చుట్ట ఒకటి నా ముందు పెట్టి, "దీనికి ప్యాటర్న్ తియ్యమ్మా" అన్నాడు. తోలును ఏ ఆకారంలో కోయాలో చూపే కాగితపు నమూనా అన్నమాట. లాస్ట్‌కు టేపు చుట్టి, దాని మీద పెన్సిల్‌తో గీతలు గీసి, బ్లేడుతో కోసి, మెల్లగా ఒలిచి కాగితం మీద పరిచాను. గుండ్రంగా ఉన్నది చదును కావాలి కదా, మడమ దగ్గర ముడతలు పడ్డాయి. వాటిని సర్దేసరికి గంట పట్టింది. తీరా చూస్తే, తోలును అడుగు వైపు మడిచి అతికించడానికి చుట్టూ వదలాల్సిన 15 మిల్లీమీటర్లు మర్చిపోయాను. "ఈ చెప్పుకి అడుగు లేదమ్మా" అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం మాత్రం ఇచ్చాడు. ఒలిచేటప్పుడు టేపు చిరగలేదట!

ఎందుకంత పట్టింపు అంటావా? సోల్ పోసే అచ్చు సైజుకొకటి చేయించాలి. అచ్చులన్నీ తయారయ్యాక "మడమ దగ్గర రెండు మిల్లీమీటర్లు ఎక్కువైంది" అంటే, అన్నీ మళ్లీ చేయించాల్సిందే. ఆ తప్పును ముందే పట్టేవాళ్లను ఏ దేశంలోనూ వదులుకోరు. త్రీడీ సాఫ్ట్‌వేర్ రావాలా? రావాలి, ఇప్పుడది అడగని కంపెనీ తక్కువ. కానీ చేత్తో ఒలిచిన అనుభవం లేకపోతే తెర మీద అందంగా తిరిగే చెప్పు కాలికి ఎక్కదు. నీ పోర్ట్‌ఫోలియోలో పాతిక బొమ్మలు తీసేసి, ఒకే ఒక్క చెప్పు పెట్టు. మొదటి గీత నుంచి, చెడిపోయిన శాంపిళ్లతో సహా, ఆఖరి జత దాకా.

ప్రశ్న: మా అబ్బాయి బట్టల డిజైనింగ్ చదివాడు. ఇప్పుడు ఏఐ బొమ్మలు గీసేస్తోందట కదా, వాడి చదువు వృథా అయినట్టేనా?
— ఒక తండ్రి, చీరాల

జవాబు: బొమ్మ వరకే వచ్చినవాడైతే కష్టమే అన్నయ్యగారూ. కానీ బట్ట ఎంత సాగుతుందో, ఉతికితే ఎంత కుంచించుకుపోతుందో తెలిసి, కొలతలూ కుట్లూ గుండీలూ అన్నీ రాసి ఫ్యాక్టరీకి పంపే 'టెక్ ప్యాక్' తయారుచేయగలిగితే బెంగళూరులోని బయింగ్ హౌసుల్లో చోటు దొరుకుతుంది. విదేశీ బ్రాండ్లకు శాంపిళ్లు చేయించి పంపేది వాళ్లే. కంప్యూటర్‌లో త్రీడీ చొక్కా కుట్టి చూపే క్లో, బ్రౌజ్‌వేర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు వాడికి వచ్చో లేదో అడగండి. రాకపోతే ముందు అది నేర్చుకోమనండి. మీ ఊళ్లో మగ్గాలున్నాయి కాబట్టి పడుగూ పేకా కళ్లారా చూసి పెరిగి ఉంటాడు. ఇంటర్వ్యూలో ఆ సంగతి దాచుకోవద్దనండి.

ప్రశ్న: ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. బూట్ల డిజైన్‌లోకి రావచ్చా?
— విజయవాడ నుంచి

జవాబు: రావచ్చు. సోల్‌లోని గాలి బుడగ బయటికి కనిపించే నైకీ ఎయిర్ మ్యాక్స్ 1 బూటు 1987లో వచ్చింది. దాన్ని గీసిన టింకర్ హాట్‌ఫీల్డ్ చదివింది ఆర్కిటెక్చరే. పైపులన్నీ బయటికే కనిపించేలా కట్టిన పారిస్ పాంపిడూ సెంటర్ చూశాక ఆ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. సెలవుల్లో ఓ పాత బూటు కొని, కత్తెరతో విప్పి, ముక్కలన్నీ వరసగా అట్ట మీద అతికించు. ఎన్ని ముక్కలొచ్చాయో నాకు రాయి.