మోడరేటర్ కావాలంటే ఎంత పరిజ్ఞానం కావాలి? కావలి నుంచి ఒక జవాబు

"ఒంగోలులో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నాను. కంప్యూటర్, ఫోను సమస్యలకు జనం ఉచితంగా సాయం చేసుకునే ఆన్‌లైన్ బృందాల్లో స్వచ్ఛంద మోడరేటర్‌గా, అంటే పోస్టులను గమనిస్తూ చెడ్డవాటిని తీసేసే నిర్వాహకుడిగా చేరాలని ఉంది. ఎంత పరిజ్ఞానం కావాలి? దరఖాస్తు ఎక్కడ పెట్టాలి? జీతం ఉంటుందా?" అని అడిగారు.

దరఖాస్తు సంగతి ముందు చెప్పేస్తాను. చాలాచోట్ల అలాంటిది ఉండదు. స్టాక్ ఎక్స్ఛేంజ్ (Stack Exchange; షేర్ మార్కెట్ కాదు, ప్రశ్నలు-జవాబుల వెబ్‌సైట్ల సముదాయం)లోని స్థిరపడిన సైట్లలో మన రాతలకు వచ్చే పాయింట్లను బట్టి అధికారాలు ఒక్కొక్కటిగా చేతికొస్తాయి. 15 పాయింట్లకు చెడ్డ పోస్టుల మీద ఫిర్యాదు చేయవచ్చు, 2,000కు ఇతరుల రాతను నేరుగా సవరించవచ్చు, 3,000కు ప్రశ్నను మూసేయమని ఓటు వేయవచ్చు. మోడరేటర్లను మాత్రం సభ్యులే ఎన్నుకుంటారు. చిన్న బృందాల్లో పాత మోడరేటర్లు కొన్నాళ్లు గమనించి పిలుస్తారు. కావలి ట్రంకు రోడ్డులో డీటీపీ, కంప్యూటర్ మరమ్మతుల దుకాణం నడుపుతున్న నన్ను అలాగే పిలిచారు. నా జవాబులు చూసి కాదు, నేను పంపిన ఫిర్యాదులు చూసి పిలిచామని తరువాత చెప్పారు.

ఫిర్యాదులకు అంత విలువ ఎందుకో మా దుకాణానికి వచ్చే ఒక రొయ్యల రైతు అనుభవం చెబితే తెలుస్తుంది. రొయ్య పిల్లకు డబ్బు కట్టాల్సిన రోజు ఆయన ఫోనులో బ్యాంకు యాప్ తెరుచుకోలేదు. ఒక సహాయ బృందంలో అదే సమస్య మీద ఎవరో అడిగిన ప్రశ్న, దాని కింద 'కస్టమర్ కేర్' అంటూ ఒక నంబరు కనిపించాయి. ఆ నంబరు బ్యాంకుది కాదు. అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడి, ఈయన స్క్రీన్ వాడికి కనిపించే యాప్ వేయించాడు. ఓటీపీ రాగానే చదివేసుకున్నాడు. పంట అమ్మిన డబ్బు నిమిషాల్లో పోయింది. ఆ పోస్టును అప్పటికే ఎవరైనా తీసేసి ఉంటే ఆయనకు ఆ నంబరు కనిపించేదే కాదు.

అందుకే జవాబులో ఫోను నంబరు కనిపిస్తే ముందు దాచేసి, తరువాత విచారిస్తాను. నిజమైన నంబరే అయినా సరే, సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనో కార్డు వెనుకనో చూసుకోమని చెబుతాను. కొత్త ఖాతా, చేరిన వెంటనే జవాబు, అదే జవాబు నాలుగు ప్రశ్నల కింద ఉంటే అనుమానించాల్సిందే. డబ్బు పోయిందని ఎవరైనా రాస్తే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయమనండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

పరిజ్ఞానం విషయానికి వస్తే, తెలుగు బాగా చదవగలగడం కూడా ఇక్కడ పెద్ద అర్హతే. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం కనిపిస్తే ఐఫోన్లలో యాప్‌లు మూసుకుపోయేవి. అసలు కారణం మధ్యలో కంటికి కనిపించని ఒక అదనపు గుర్తు ఉండటం. మామూలుగా 'జ్ఞానం' అని టైపు చేస్తే ఏమీ కాదు. లోపం అక్షరాన్ని చూపించే సాఫ్ట్‌వేర్‌ది. ఆపిల్ ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది. అలాంటప్పుడు తెలుగు తెలిసిన మోడరేటర్ ఉంటే ఆ గుర్తున్న పోస్టులను దాచి, మన లిపి తప్పేమీ లేదని నాలుగు మాటల్లో చెప్పగలరు. అను ఫాంట్లలో టైపు చేసిన శుభలేఖను వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చిరాతలు ఎందుకు వస్తాయని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. అది యూనికోడ్ (అన్ని ఫోన్లు, కంప్యూటర్లు ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కాదని, మార్చే దారి ఇదని చెప్పడానికి మీకు ఇంజినీరింగ్ అక్కరలేదు.

అదే ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడు పాత సభ్యులు "వెతుక్కోలేరా?" అని విసుక్కుంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఏ పేరుతో వెతకాలో తెలిస్తే ఆ మనిషి అడిగేవారే కాదు. పాత జవాబు లింకు ఇచ్చి, ఒక వాక్యం మర్యాదగా రాసి, విసుక్కున్న వ్యాఖ్యను తీసేస్తాను. పదేపదే కసురుకునేవారికి విడిగా సందేశం పంపుతాను, అందరి ముందు మందలించను.

జీతం లేదు. ఉద్యోగానికి పనికొస్తుందా అంటే, సహాయ కేంద్రాల ఉద్యోగాలకు వెళ్లేటప్పుడు చెప్పుకోవచ్చు, అంతకు మించి ఆశించకండి. కొన్ని వేదికల్లో సభ్యుల ఈమెయిల్, ఐపీ చిరునామాలు మోడరేటర్లకు కనిపిస్తాయి. అవి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదు.

ఇప్పటికైతే ఒక బృందం ఎంచుకుని, నియమాలు పూర్తిగా చదివి, జవాబు రాని ప్రశ్నల జాబితా నుంచి మొదలుపెట్టండి. రోజుకు అరగంట చాలు. మోడరేటర్ అయ్యాక పరీక్షలు దగ్గరపడితే తోటివారికి చెప్పి విరామం తీసుకోండి. అంతవరకు వాళ్లు చూసుకుంటారు.