పాత స్లాబ్ కంకరని కొత్త ఇంట్లో ఎక్కడ వెయ్యాలి? మేనల్లుడికి ఒక ఉత్తరం

ఒరేయ్ కిరణ్,

నీ మెసేజ్ చూశాను. పాత ఇంటి స్లాబ్‌ని కంకరగా కొట్టించి కొత్త ఇంటికి వాడేద్దామని మీ మేస్త్రీ అన్నాడనీ, "కంకర కంకరే కదా సార్" అని ధైర్యం చెప్పాడనీ రాశావు. వాడొచ్చురా. కాకపోతే ఎక్కడపడితే అక్కడ కాదు, ఎంతపడితే అంత కాదు. ఇంకా ఇల్లు కూల్చలేదు కాబట్టి అడగాల్సిన టైముకే అడిగావు. చాలామంది ఇటుక, మట్టి, స్లాబ్ ముక్కలు, విరిగిన టైల్స్ అన్నీ ఒకే గుట్టయ్యాక ఫోన్ చేస్తారు. అప్పుడు టిప్పర్ పిలిపించుకోమని తప్ప నేను చెప్పేదేం ఉండదు.

రూలు ఏముందో ముందు చెప్తాను. కంకర, ఇసుకలకి మన దేశంలో ఉన్న స్టాండర్డ్ ఐఎస్ 383. దాన్ని 2016లో మార్చినప్పుడు పాత కాంక్రీటు కంకరకీ చోటిచ్చారు. ఇనుము లేని మామూలు కాంక్రీటులో కంకర మొత్తంలో 25 శాతం దాకా వెయ్యొచ్చు. ఇనుము ఉన్నదాంట్లో 20 శాతం దాకా, అదీ ఎం25 గ్రేడు దాటకూడదు (ఈ నంబరు కాంక్రీటు బలాన్ని చెప్తుంది, పెరిగేకొద్దీ బలం ఎక్కువ). ఎం15 కంటే తక్కువది, అంటే ఫుటింగుల కిందా ఫ్లోరింగ్ కిందా వేసే బెడ్ కాంక్రీటు, దానికి మాత్రం మొత్తం పాత కంకరే వేసుకోవచ్చు. ఇదంతా అచ్చంగా కాంక్రీటు కొడితే వచ్చిన కంకర గురించి. ఇటుకా ప్లాస్టరూ కలిసిందైతే ఆ బెడ్డుకి తప్ప ఇంకే కాంక్రీటుకీ పనికిరాదు.

ఇక నా మాట. స్లాబ్‌కీ, పిల్లర్లకీ, బీములకీ కొత్త కంకరే తెప్పించుకో. రూలు 20 శాతం ఒప్పుకుంటుంది నిజమే, కానీ ఆ 20 శాతాన్ని తూకం వేసి కలిపే ప్లాంటు ఉన్నచోట అది కుదురుతుంది. నీ సైట్లో తట్టలతో కొలిచి కాంక్రీటు కలిపే మిల్లర్‌లో పోస్తారు, స్లాబ్ రోజు మధ్యాహ్నానికి అందరికీ తొందర, నాలుగు తట్టలకి ఒక తట్ట పాతది అని నువ్వు చెప్పింది సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. కాబట్టి పాతదంతా కిందికే పోనీ. లెక్క కూడా సరిపోతుంది చూడు. వెయ్యి చదరపు అడుగుల పాత స్లాబ్ అయిదంగుళాల మందం ఉంటే 417 ఘనపుటడుగులు, బరువు ముప్పై టన్నులకి కొంచెం తక్కువ. అదే విస్తీర్ణానికి నాలుగంగుళాల ఫ్లోరింగ్ బెడ్ వేస్తే 333 ఘనపుటడుగుల కాంక్రీటు కావాలి, ఫుటింగుల కింద వేసేది అదనం. పొడి తీసేయగా మిగిలిన కంకర చాలావరకు అక్కడికే ఖర్చయిపోతుంది.

పాత కంకరతో ఉన్న చిక్కు రాయిది కాదు. నలభై ఏళ్ల కిందటి గ్రానైట్ రాయి ఇవాళా గ్రానైటే. దాన్ని పట్టుకుని ఉన్న పాత సిమెంటు, ఇసుకల పొర ఉంది చూశావూ, అదే అసలు సమస్య. ఎంత కొట్టినా పూర్తిగా ఊడి రాదు, దాన్నిండా సన్నటి రంధ్రాలు. క్రషర్ నుంచి వచ్చిన కొత్త కంకర తన బరువులో ఒక శాతం లోపే నీళ్లు పీలిస్తే, ఇది నాలుగో అయిదో శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పీలుస్తుంది. ఆరేటప్పుడు ముడుచుకోవడం కూడా ఎక్కువే, సన్న పగుళ్లు అక్కణ్ణుంచే వస్తాయి.

అందుకని పొడి కంకరని తిన్నగా మిల్లర్‌లో పొయ్యనివ్వకు. ఒక బస్తా సిమెంటుకి 1:4:8 చొప్పున, అంటే ఒక వంతు సిమెంటు, నాలుగు వంతుల ఇసుక, ఎనిమిది వంతుల కంకరతో బెడ్ కలిపితే కంకర 280 లీటర్లు పడుతుంది, అంటే సుమారు 350 కేజీలు. అది అయిదు శాతం పీల్చిందంటే పదిహేడు లీటర్ల పైన నీళ్లు రాళ్లలోకి పోయినట్టే. కలిపిన పది నిమిషాలకి మాలు బిగుసుకుపోతుంది, కూలీలు ఇంకో బకెట్ నీళ్లు పోస్తారు, ఆ బకెట్‌తో బలం పోతుంది. ముందురోజు సాయంత్రమే గుట్టని బాగా తడిపి పైన గోనె సంచులో టార్పాలినో కప్పించు. పొద్దున్నకి లోపల తడి ఉండాలి, పైన నీళ్లు కారకూడదు. మిల్లర్‌లో ముందు కంకర, ఇసుక, సగం నీళ్లు వేసి ఒక నిమిషం తిప్పాక సిమెంటు వెయ్యమను, మిగతా నీళ్లు ఆ తర్వాత. మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనీ.

ఎంత పీలుస్తుందో ఇంట్లోనే ఉజ్జాయింపుగా చూసుకోవచ్చు. ఒక కేజీ కంకరని పాత మూకుట్లో వేసి తడి పోయేదాకా వేడిచేసి, చల్లారాక తూచు. ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, బట్టతో పైతడి తుడిచి మళ్లీ తూచు. ఎంత పెరిగిందో అదే నీ లెక్క. పది శాతం దాటిందంటే ఇటుకో సున్నమో బాగా కలిసిందని అనుమానించు, దాన్ని వాకిట్లో మెరక చేసుకోవడానికి ఉంచుకో.

ఇప్పుడు కూల్చే రోజు సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోకు, కంకర మంచిదో కాదో ఆరోజే తేలిపోతుంది. తలుపులు, వైర్లు, పైపులు, టైల్స్ ముందు దించెయ్యాలి, అది అందరూ చేసేదే. ఎవరూ పట్టించుకోనిది హాల్లో ఉన్న పీఓపీ సీలింగ్. అది జిప్సం, అంటే సల్ఫేట్. బియ్యంలో రాళ్లలాగా కంకరలో కలిసిందంటే ఏరలేవు, కొన్నాళ్లకి సిమెంటుతో కలిసి ఉబ్బి కాంక్రీటుని లోపల్నుంచి పగలగొడుతుంది. దాన్ని ముక్క మిగలకుండా బయటికి పంపించాకే స్లాబ్ పగలగొట్టే బ్రేకర్‌ని లోపలికి రానివ్వు. డాబా మీద సున్నం, ఇటుక ముక్కలతో వేసిన పాత పొర ఉంటే అదీ చెక్కించెయ్యి. ఆ ఇటుక జల్లి మన పెద్దలు ఎండకీ వానకీ భలే వేసేవాళ్లు, కానీ కాంక్రీటు గుట్టలో దానికి పనిలేదు. బాత్రూమ్ పైకప్పు, సన్‌షేడ్లు తుప్పు పట్టి పెచ్చులూడిపోయి ఉంటే అవి వేరే పెట్టించు. ఉప్పు ఎక్కిన కాంక్రీటు అలాంటిచోట ఉండొచ్చు. సముద్రం పక్క ఊళ్లలో అయితే ఇల్లు మొత్తాన్నీ అలాగే అనుమానించాలి, మీది హైదరాబాద్ కాబట్టి అంత టెన్షన్ వద్దు.

స్లాబ్ ముక్కలు ఒక గుట్ట, గోడల ఇటుకలు ఇంకో గుట్ట. రెంటి మధ్యా నడవడానికి చోటుండాలి, కింద మట్టి అంటకుండా పాత ఫ్లెక్సీలు పరిపించు. కొట్టాక జల్లెడ పట్టి, 20 ఎంఎం జల్లెడలోంచి దిగింది, సన్నజల్లెడ మీద ఆగింది మాత్రమే ఉంచుకో. కిందికి రాలిన పొడిని ఇసుక బదులు వాడతానంటారు, ఒప్పుకోకు. రూలు కొంతవరకూ ఒప్పుకుంటుంది కానీ రాయి కంటే ఆ పొడే నీళ్లు ఎక్కువ తాగుతుంది. పాత కడ్డీలు మాత్రం సాగదీసి మళ్లీ వాడొద్దు, పాత ఇనుము కొనేవాళ్లకి అమ్మెయ్యి. కొట్టేటప్పుడు నీళ్లు చల్లుతూ ఉండమను, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, కూలీలకి మాస్కులు నువ్వే కొనిపెట్టు.

డబ్బు మిగులుతుందా అంటే, ఒక్క ఇంటికి పెద్దగా మిగలదు. సమ్మెటతో కంకర కొట్టించడానికి కూలీ బాగానే అవుతుంది. శిథిలాలు బయటికి తోలించే కిరాయి, కొత్త కంకర ధర రెండూ మిగిలినట్టు కలిపి చూస్తేనే కాస్త లాభం కనిపిస్తుంది. చోటు లేకపోతే ఇంత తంటా పడకు. మీకు దగ్గర్లో ఫతుల్లగూడలో, అటువైపు జీడిమెట్లలో కూల్చిన శిథిలాలని కంకరగా, ఇసుకగా మార్చే ప్లాంట్లున్నాయి. అక్కడికి పంపించి, బెడ్డుకి కావలసింది అక్కడే కొనుక్కోవచ్చేమో కనుక్కో. కొనేటప్పుడు అది అచ్చం కాంక్రీటుదా, ఇటుక కలిసిందా అని అడిగి టెస్ట్ రిపోర్టు తీసుకో. చెరువు గట్టున పారబోసి వస్తామనే టిప్పర్ వాళ్లకి మాత్రం ఇవ్వకు.

ఇవన్నీ కూల్చే కాంట్రాక్టరుకి అడ్వాన్స్ ఇవ్వకముందే కాగితం మీద రాయించు: సీలింగ్ ముందు తీయాలి, గుట్టలు వేరుగా ఉండాలి, రోజులు ఎక్కువైతే రేటు ఎంత. జేసీబీ ఒక్కసారి లోపలికి దిగాక నీ మాట ఎవరికీ వినపడదు.

ఇంకోటి. పాత ఇంటి సామాను కొత్త ఇంట్లో వాడకూడదని, వాస్తు ఒప్పుకోదని అక్క తప్పకుండా అంటుంది. నేల కింద బెడ్డుకే కదా అని నేను సర్దిచెప్పలేను, ఆవిడ దగ్గర నా ఇంజినీరింగ్ ఎప్పుడూ చెల్లలేదు. అది నువ్వే మాట్లాడి తేల్చుకో, ఆ తర్వాతే బ్రేకర్‌కి ఫోన్ చెయ్యి.

మీ మావయ్య