రాయగడలో అద్దె చౌక సరే, స్థలం కొనవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది విజయనగరం జిల్లా. పెళ్లయి మూడేళ్లయింది, ఏడాది పాప ఉంది. విశాఖపట్నంలో అద్దెకు ఉంటున్నాం. మావారు ఒక ప్రైవేటు సంస్థకు ఇంటి నుంచే లెక్కల పని చేస్తారు, జీతం 38 వేలు. నేను నర్సును, పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. అద్దె, కరెంటు, నీళ్లు కలిపి నెలకు 16 వేలు పోతున్నాయి. ఒడిశాలోని రాయగడలో మా మేనమామ గారి కుటుంబం ఉంది. అక్కడ ఇదే ఇల్లు ఆరేడు వేలకు దొరుకుతుందంటున్నారు. పట్టణానికి ఆనుకుని ఉన్న గ్రామంలో ఒక కోంద్ గిరిజన రైతు పది సెంట్ల స్థలం చాలా తక్కువ ధరకు ఇస్తానంటే 50 వేలు బయానా ఇచ్చాం. రిజిస్ట్రేషన్ కాదట. స్టాంపు కాగితం మీద రాయించుకోవచ్చని, కాదంటే అక్కడి మరో గిరిజనుని పేరున రిజిస్టరు చేయించి కాగితాలు మా దగ్గరే ఉంచుకోవచ్చని మధ్యవర్తి చెబుతున్నాడు. మేము బీసీ-డి. పాప చదువు, రిజర్వేషన్, మా పాత కారు, మాతో వచ్చే అత్తగారి వితంతు పింఛను ఏమవుతాయి? అసలు అలా వెళ్లి స్థిరపడడానికి అనుమతి ఏమైనా కావాలా?

జవాబు: అమ్మా, ముందుగా స్థలం సంగతి. మిగిలిన డబ్బు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఏ కాగితం మీదా సంతకం చేయకండి. ఆ స్థలం మీ సొంతమయ్యే దారి చట్టంలో లేదు.

రాయగడ జిల్లా పాత కోరాపుట్ జిల్లాలో భాగం. ఆ పాత జిల్లా మొత్తం, అంటే నేటి కోరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కాన్‌గిరి, గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతం. పట్టణమైనా పల్లె అయినా తేడా లేదు. అక్కడ గిరిజనుల భూమి చేతులు మారడాన్ని చట్టంతో సమానమైన 1956 నాటి ఒడిశా రెండో రెగ్యులేషన్ నియంత్రిస్తుంది. మొదట్లో అధికారి అనుమతితో గిరిజనేతరులకు అమ్మే వీలుండేది. ఆ వీలును అడ్డం పెట్టుకుని భూములు ఎలా తరలిపోయాయో చూశాక 2002లో దాన్ని సవరించి, గిరిజనులు గిరిజనేతరులకు అమ్మడాన్ని పూర్తిగా నిషేధించారు. 2023 నవంబరులో ఒడిశా మంత్రివర్గం సబ్ కలెక్టర్ అనుమతితో మళ్లీ అమ్ముకోనిస్తామని తీర్మానించింది గానీ, పెద్ద ఎత్తున వ్యతిరేకత రావడంతో ఆగిపోయింది. 'త్వరలో చట్టం మారుతుంది, ఇప్పుడే కొనిపెట్టుకోండి' అని మీ మధ్యవర్తి అంటే ఆ పాత వార్తను పట్టుకుని అంటున్నాడని గ్రహించండి.

స్టాంపు కాగితం మీద రాసుకున్నా, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ తీసుకున్నా హక్కు రాదు. అటువంటి కాగితాలతో స్థిరాస్తి మీద యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో దేశమంతటికీ స్పష్టం చేసింది. షెడ్యూల్డు ప్రాంతంలో దానికి తోడు ఆ లావాదేవీయే చెల్లదు. సబ్ కలెక్టరు ఎవరి ఫిర్యాదూ లేకుండా తనంతట తానే విచారణ మొదలుపెట్టి, మిమ్మల్ని ఖాళీ చేయించి, భూమిని ఆ రైతుకో అతని వారసులకో అప్పగించవచ్చు. ఈలోగా మీరు ఇల్లు కట్టి ఉంటే ఆ డబ్బు తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోకండి. 'ఏళ్ల తరబడి మన స్వాధీనంలో ఉంటే మనదే అవుతుంది' అని కొందరు ధైర్యం చెబుతారు. సుందర్‌గఢ్ జిల్లా నుంచి వెళ్లిన అమరేంద్ర ప్రతాప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2003లో ఆ దారిని కూడా మూసేసింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుని భూమి మీద గిరిజనేతరునికి దీర్ఘకాల స్వాధీనం వల్ల హక్కు పుట్టదని తేల్చి చెప్పింది.

మరో గిరిజనుని పేరున రాయించుకోవడం ఇంతకన్నా ప్రమాదం. డబ్బు ఒకరిది, పేరు మరొకరిది అయితే అది బినామీ. 2016లో సవరించిన బినామీ చట్టం ప్రకారం ఆస్తి జప్తవుతుంది. ఏడాది నుంచి ఏడేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, మార్కెట్ విలువలో నాలుగో వంతు దాకా జరిమానా ఉన్నాయి. పేరు అరువిచ్చిన ఆ పేదవాడు కూడా మీతో పాటే నిందితుడవుతాడు. పాపతో కొత్త జీవితం మొదలుపెట్టాలనుకుంటున్న మీరు మరొకరి జీవితాన్ని ఇలాంటి దానిలోకి లాగవద్దని మనసారా కోరుతున్నాను.

ఈ చట్టం మీ మీద కక్షతో వచ్చింది కాదు. మైదానం నుంచి వెళ్లిన షావుకార్లు చిన్న చిన్న అప్పులకు ఎకరాల కొద్దీ రాయించుకున్న చరిత్ర ఆ కొండల్లో ఉంది. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ రైతు ఈ రోజు తక్కువ ధరకు ఇస్తానంటున్నాడంటే అతనికి ఏదో అవసరం ముంచుకొచ్చి ఉంటుంది. ఆ అవసరంలో అతన్ని భూమి లేనివాణ్ని చేయకుండా ఆపుతున్న చట్టమిది. అది ఉండి తీరాలి.

మరి బయానా? చెల్లని ఒప్పందం కింద పుచ్చుకున్న సొమ్మును తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 65వ సెక్షను చెబుతుంది. కానీ తెలిసి తెలిసి చట్టవిరుద్ధమైన బేరానికి దిగినవారికి కోర్టులు చేయూతనివ్వవు. మీరు తెలియక ఇచ్చారు. తెలిసిన ఈ క్షణం నుంచి బేరం కొనసాగిస్తే ఆ మాట చెప్పుకోలేరు. కాబట్టి ఈ వారంలోనే 'ఈ భూమి కొనడానికి చట్టం ఒప్పదని తెలిసింది, ఒప్పందం విరమించుకుంటున్నాం, డబ్బు తిరిగి ఇవ్వండి' అని రాసి స్పీడ్ పోస్టులో పంపండి. డబ్బు నిజంగా రైతుకు చేరిందో, మధ్యవర్తి దగ్గరే ఆగిందో ముందు కనుక్కోండి. మధ్యవర్తి దగ్గరే ఉంటే అతని పేరు మీదే నోటీసు ఇవ్వండి.

రాయగడలో అసలు ఎవరి దగ్గరా కొనలేమా అంటే, కొనవచ్చు. ఇక్కడే మనవాళ్లు పొరబడుతుంటారు. మన ఏజెన్సీలో 1/70 చట్టం కింద గిరిజనేతరుడు మరో గిరిజనేతరునికి అమ్మినా చెల్లదు. ఒడిశా రెగ్యులేషన్‌లో అంత నిషేధం లేదు, గిరిజనేతరుని సొంత భూమిని మీరు కొనుక్కోవచ్చు. అయితే అది అతనికి ఎలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న. ఒడిశా పట్టాలో రైతు పేరు రాసిన గడిలోనే తండ్రి పేరు, కులం, నివాసం కూడా రాసి ఉంటాయి. కింద ప్లాటు నంబర్ల ఎదురుగా 'కిసమ్' అనే గడిలో అది పొలమో ఇంటి స్థలమో రాస్తారు. ఇంటి స్థలానికి 'ఘరబారి' అని ఉండాలి. పొలమని ఉంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షను కింద మార్పిడి జరిగాకే ఇల్లు కట్టాలి. ఇప్పటి పట్టా ఒక్కటి చూసి తృప్తి పడకండి. దాన్ని 'హాల్' అంటారు. అంతకు ముందరి సెటిల్‌మెంటుది 'సాబిక్'. ఆ సాబిక్ పట్టాలో, 1956 తరవాతి ఏ దశలోనైనా, గిరిజనుని పేరు కనిపిస్తే, చేతులు మారినప్పుడు ఇచ్చిన అనుమతి పత్రం నంబరు, తేదీ తీసుకుని సబ్ కలెక్టర్ కార్యాలయంలో అసలుతో సరిచూడాలి. అమ్మేది దళితుడైతే భూసంస్కరణల చట్టం 22వ సెక్షను కింద రెవెన్యూ అధికారి ముందస్తు అనుమతి తప్పనిసరి. ఇవన్నీ ఒడియా లిపిలో ఉంటాయి. మీ మామయ్య గారికి భాష వచ్చినా చదవడం రాకపోతే, రాయగడ కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాదికి ఫీజు ఇచ్చి చదివించుకోండి. అమ్మేవాళ్ల తరఫు మనిషితో చదివించుకోవద్దు.

నన్నడిగితే మొదటి ఏడాది కొనుగోలు ఆలోచనే వద్దు. అద్దెకు ఉండండి. మీకు మిగిలేది అద్దెలోనే, ఆ మిగులు వాస్తవం, దాన్ని నిలబెట్టుకోండి. అద్దె ఒప్పందం 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఏడాది దాటితే మాత్రం చేయించాలి. ఒప్పందం తప్పకుండా రాసుకోండి. గ్యాసు, బ్యాంకు, ఆధార్ చిరునామా మార్పు, కారు నంబరు వంటి వాటికి అదే ఆధారం. సొంత ఇల్లే ముఖ్యమనుకుంటే పర్లాకిమిడి గురించి కూడా ఆలోచించండి. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మా, రాయగడ బ్లాకులు షెడ్యూల్డు ప్రాంతం, పర్లాకిమిడి పట్టణం కాదు. గజపతి జిల్లాలోని ఆ రాయగడ బ్లాకు వేరు, మీ రాయగడ జిల్లా వేరు. కాగితాల మీద పేరు చూసి తికమక పడవద్దు.

ఇక వెళ్లడానికి అనుమతి. అక్కర్లేదు. దేశంలో ఎక్కడైనా తిరగడానికి, స్థిరపడడానికి రాజ్యాంగం 19వ అధికరణం మీకు హక్కు ఇచ్చింది. అదే అధికరణం అయిదో ఖండం షెడ్యూల్డు తెగల ప్రయోజనం కోసం ఆ హక్కుపై సమంజసమైన పరిమితులు విధించవచ్చనీ చెప్పింది. పైన చెప్పిన భూమి చట్టం అటువంటిదే.

మీవారు మాత్రం యజమానికి ముందే రాతపూర్వకంగా తెలపాలి. నియామక పత్రంలో పనిచేసే చోటు రాసి ఉంటే సమ్మతి కూడా రాతలోనే తీసుకోవాలి. ఆదాయపు పన్ను ఎక్కడున్నా ఒకటే. వృత్తి పన్నుకు రాజ్యాంగమే ఏడాదికి 2,500 గరిష్ఠ పరిమితి పెట్టింది, కనుక అందులో పెద్ద తేడా ఉండదు. మీరు మళ్లీ నర్సుగా చేరదలిస్తే మన రాష్ట్ర నర్సుల మండలి నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని ఒడిశాలో నమోదు చేయించుకోవాలి. ఈ పని వెళ్లకముందే మొదలుపెట్టండి. ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే అక్కడ ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలి.

రిజర్వేషన్ విషయం నిదానంగా చదవండి. వెనుకబడిన తరగతుల జాబితా రాష్ట్రానికొకటి. మన బీసీ-డి ఒడిశా ప్రభుత్వ కళాశాలల్లో, ఉద్యోగాల్లో పనికిరాదు. ఎస్సీ, ఎస్టీలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుందని 1990లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ కేసు మనవాడిదే. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్తే, ఇక్కడి ఎస్టీ హోదాతో అక్కడ వైద్య కళాశాల సీటు అడిగాడు. కోర్టు కాదంది. 2018లో బీర్ సింగ్ కేసులోనూ అదే నిలిచింది. అయితే మీ పాప హోదా పోదు. తండ్రి స్వస్థలం ఆంధ్రప్రదేశ్ కాబట్టి కేంద్ర ఉద్యోగాలకు, కేంద్ర విద్యాసంస్థలకు మన రాష్ట్రపు కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉంటే ఆ హోదా ఆమెకు ఉంటుంది. మీవారి కుల ధ్రువపత్రం జాగ్రత్తగా దాచండి.

చదువులో చూసుకోవలసింది స్థానికత. 371-డి అధికరణం కింద ఇక్కడి వృత్తి విద్యా కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడ చదివితే స్థానికత వస్తుంది. అంటే ఒడిశాలో ఎనిమిదో తరగతి దాకా చదివించినా నష్టం లేదు, తొమ్మిదికి ఏ గట్టున ఉండాలో నిర్ణయించుకుంటే చాలు. ఆపైన అక్కడే చదివినా, తల్లిదండ్రుల్లో ఒకరు ఈ రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే మిగతా 15 శాతానికి పోటీ పడవచ్చు. మీ ఇద్దరి బడి, కళాశాల స్టడీ సర్టిఫికెట్లు అప్పుడు అక్కరకొస్తాయి.

కారును మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను నిబంధన. మొదటి ఏడాది ప్రయోగం కాబట్టి తొందరపడి జీవితకాల పన్ను రెండోసారి కట్టకండి. అద్దె ఒప్పందం తేదీయే మీరు ఎప్పుడు వెళ్లారో చూపుతుంది. ఉండిపోవాలని నిశ్చయించుకున్నాక ఇక్కడి రవాణా కార్యాలయంలో చలానాలు తీర్చి నిరభ్యంతర పత్రం తెచ్చుకోండి, ఇక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగం వాపసు అడగండి. లైసెన్సు ఎక్కడైనా చెల్లుతుంది.

అత్తగారి పింఛను ఆంధ్రప్రదేశ్ నివాసులకిచ్చేది. శాశ్వతంగా ఒడిశా తీసుకువెళ్తే నెలకు 4,000 వదులుకోవలసిందే, అది మీ అద్దె మిగులులో దాదాపు సగం. ఆమె అభిప్రాయం అడగండి. ఊళ్లో ఉంటానంటే ఉండనివ్వండి. పింఛను కోసం ఉత్తుత్తి చిరునామా మాత్రం చూపవద్దు. ఎన్టీఆర్ వైద్య సేవ సంగతీ అంతే, నివాసం మారాక ఒడిశా పథకానికి అర్హత ఉంటే అక్కడ దరఖాస్తు చేసుకోవాలి.

ఓటు కూడా ఒకచోటే. సాలూరు కొండల మీద కొఠియా గ్రామాల్లో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయని మీ మామయ్య గారు చెప్పవచ్చు. ఆ గ్రామాలు తమవని రెండు రాష్ట్రాలూ వాదించుకుంటున్నాయి గనుక వాళ్ల పరిస్థితి వేరు, మీకది వర్తించదు. ఫారం 8 నింపి ఓటు మార్పించుకోండి. అబద్ధపు ప్రకటనతో రెండు చోట్ల పేరు ఉంచుకుంటే ఏడాది వరకు జైలుశిక్ష పడే నేరం.

స్పీడ్ పోస్టు రసీదు, బయానా ఇచ్చినప్పుడు రాసుకున్న కాగితం, డబ్బు పంపిన బ్యాంకు వివరాలు ఒకచోట పెట్టండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వాటితో రాయగడలోని న్యాయవాదిని కలవండి.