కొత్త మంచులో స్నోషూలు (మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి ఫ్రేములు) వేసుకున్నా కాళ్లు ఎందుకు దిగబడతాయి?

ఎక్కువసార్లు తప్పు సైజులోనే ఉంటుంది. స్నోషూ సైజు పాదాన్ని బట్టి కాదు, బట్టలూ బ్యాగూ కలిపిన మొత్తం బరువును బట్టి చూడాలి. అప్పుడే పడ్డ పొడి మంచులో గాలే ఎక్కువ, అది బరువు మోయలేదు. అందుకే మీ బరువు రెండు సైజుల మధ్య ఉంటే పెద్దదే తీసుకోండి. అప్పటికీ కొంత దిగబడటం మామూలే.

బైండింగ్ (బూటును స్నోషూకు పట్టి ఉంచే పట్టీల అమరిక) బిగించేటప్పుడు బూటు ముందుభాగం అది వంగే ఇరుసు మీదికి రావాలి. అడుగు వేస్తే బూటు మొన ముందున్న ఖాళీలోంచి ఫ్రేముకు తగలకుండా కిందికి వంగాలి. తగిలితే ప్రతి అడుగుకూ తట్టుకుని తూలుతారు. కాస్త నడిచాక పట్టీలు వదులవుతాయి, ఆగి మళ్లీ బిగించండి.

కాళ్లు కొంచెం ఎడంగా వేయండి. వెనకడుగు మాత్రం వద్దు, స్నోషూ తోక (వెనక కొస) మంచులో గుచ్చుకుని పడిపోతారు. తిరగాలంటే అర్ధచంద్రాకారంలో చుట్టి రండి. ముందు నడిచి దారి తొక్కేవాళ్లకే శ్రమంతా, కాబట్టి వంతులు మార్చుకోండి. చేతికర్రలకు వెడల్పాటి బాస్కెట్లు (కర్ర మంచులో దిగబడకుండా కింది కొసన ఉండే చక్రాలు) ఉండాలి. ఉష్ణోగ్రత 0 డిగ్రీలకు చేరువైతే అడుగునున్న ఇనుప పళ్లకు తడి మంచు ముద్ద కట్టి పట్టు పోతుంది. కర్రతో తట్టి రాల్చండి.

వీటన్నిటికంటే ముఖ్యం మంచు చరియలు. భారీగా మంచు పడ్డాక మొదటి 24-48 గంటలు 30-45 డిగ్రీల వాలులు చాలా ప్రమాదం. మీరు నడిచేది చదును నేలే అయినా, పైన అలాంటి వాలుంటే చరియ మీదాకా వస్తుంది. బయల్దేరే ముందు ఆ ప్రాంతపు హెచ్చరిక చూడండి, ప్రమాదం ఎక్కువుంటే ఆ దారి మానేయండి.