మూడు వారాలకే ఆగిపోతోందా? ఆరోగ్యపు అలవాట్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అడిగేది ఒక్కటే: ఉత్సాహంగా మొదలుపెట్టింది ఎందుకు నిలవడం లేదు? వాటిలో నాలుగింటిని తీసుకున్నాం.

ప్రశ్న: నాకు 42 ఏళ్లు, హన్మకొండలో టీచర్‌ని. బరువు 71 కిలోలు. పోయిన నెల పరీక్షలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 6.1 వచ్చింది. భయపడి అన్నం బంద్ చేసి జొన్న రొట్టెకు మారిన. చాయ్‌లో చక్కెర మానేసిన. పొద్దున ఐదింటికి లేచి భద్రకాళి బండ్ మీద గంట వాకింగ్, పదింటికల్లా నిద్ర, రోజూ ప్రాణాయామం. మూడు వారాలు మంచిగనే నడిచింది. ఆడపడుచు బిడ్డ పెండ్లికి పోయొచ్చినంక అంతా పోయింది. ఇట్ల కావడం ఇది మూడోసారి. నాకు గట్టి మనసు లేదని ఇంట్లో అంటున్నరు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. ఒకేరోజు ఐదు అలవాట్లు మార్చడం మొదలుపెట్టారు. ఏ ఒక్కటీ కుదురుకోకముందే పెళ్లి వచ్చింది. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని అందరూ అంటారు గానీ, లండన్‌లో 96 మంది మీద చేసిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలితే, మరికొందరికి 254 రోజులు పడుతుందని అంచనా వేశారు. మధ్యలో ఒకరోజు తప్పినా నష్టమేమీ కనిపించలేదని కూడా అందులోనే తేలింది. అంటే మీరు ఆగిపోయిన మూడో వారం చాలామందికి సగం దారి కూడా కాదు.

ముందు మీ 6.1 సంగతి. 5.7 నుంచి 6.4 వరకు షుగర్‌కు ముందు దశ. అమెరికాలో 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఈ దశలో ఉన్నవాళ్లు బరువులో 7 శాతం తగ్గి, వారానికి 150 నిమిషాలు నడవాలని లక్ష్యం పెట్టుకున్నారు. వాళ్లలో షుగర్ బారిన పడేవాళ్లు 58 శాతం తగ్గారు. మన దేశంలో చేసి 2006లో ప్రకటించిన అధ్యయనంలో ఆ తగ్గుదల 28 శాతం పైన ఉంది. మీకు 7 శాతం అంటే 5 కిలోలు. ఆరు నెలల్లో 5 కిలోలు తగ్గితే చాలు. అన్నం మీద ఒట్టు పెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఒక్కటే ఎంచుకోండి. ఏది ఎంచుకోవాలో తెలియాలంటే మూడు రోజులు, అందులో ఒక ఆదివారం ఉండేలా, నోట్లో వేసుకున్న ప్రతిదీ టైముతో సహా రాయండి. స్టాఫ్ రూమ్ చాయ్, పిల్లలు వదిలేసిన ముద్ద, అన్నీ. మీలా బడి, వంట రెండూ చూసుకునే ఆడవాళ్లలో చాలామందికి రాసి చూస్తే బయటపడేది రాత్రి తొమ్మిదిన్నర భోజనమే. పగలంతా సరిగా తినక, ఆకలంతా ఆ పూట తీర్చుకుంటారు.

అన్నం మానకండి, కొలవండి. వండిన అన్నం 150 గ్రాములు, అంటే మామూలు కప్పు నిండా, సుమారు 42 గ్రాముల పిండిపదార్థం. జొన్న రొట్టె ఎన్ని తిన్నా ఫరవాలేదన్న నమ్మకం దగ్గరే లెక్క తప్పుతుంది. 50 గ్రాముల పిండితో చేసిన ఒక్క రొట్టెలో సుమారు 35 గ్రాములు ఉంటుంది. జొన్నలో పీచు ఎక్కువ, కడుపు నిండినట్టు ఉంటుంది, మంచిదే. కానీ మూడు పెద్ద రొట్టెలు తింటే రెండు కప్పుల అన్నం దాటిపోయినట్టే. కాబట్టి రాత్రికి ఒక కప్పు అన్నం, లేదంటే ఒక రొట్టె. ఆ కప్పు బియ్యం డబ్బా పక్కనే ఉంచి, రోజూ దానితోనే వడ్డించుకోండి. పళ్లెంలో ముందు కూర, తర్వాత పప్పు, చివర అన్నం పెట్టుకోండి. తినడం కూడా అదే వరుసలో. కూర, పప్పు ముందు కడుపులో పడితే తిన్నాక షుగర్ ఎగబాకడం తగ్గుతుంది.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే: అన్నం తగ్గిస్తారు, దాని బదులు ఏమీ పెంచరు. నాలుగో రోజు సాయంత్రం బడి నుంచి వస్తూ మిర్చి బండి దగ్గర ఆగుతారు. ఆ ఆకలి నిజమైనది, దాన్ని తిట్టుకోవద్దు, ముందే తిండి పెట్టండి. నాలుగున్నరకు బొబ్బర్ల గుడాలో శనగ గుడాలో ఒక కప్పు తినండి. 30 గ్రాముల ఎండు గింజల్లో 6 నుంచి 7 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పొద్దున నానేసి బడికి వెళ్తే సాయంత్రం కుక్కర్‌లో తొందరగా ఉడుకుతాయి. రాత్రి పప్పు గట్టిగా ఉండాలి. పచ్చిపులుసుతో మాత్రమే తిన్న అన్నం రెండు గంటల్లో మళ్లీ ఆకలి పుట్టిస్తుంది.

నడక రెండో నెలలో కలపండి. ఐదింటి వాకింగ్ మీకు నిలవదు, ఎందుకంటే మీ ఇంట్లో ఐదింటికే టిఫిన్ బాక్సుల పని మొదలవుతుంది. రాత్రి వంటగది సర్దిన వెంటనే, చెయ్యి తుడుచుకున్న అదే తువ్వాలు దండెం మీద వేసి చెప్పులేసుకోండి. గల్లీలోనో డాబా మీదో 15 నిమిషాలు నడవండి. అప్పటికే రోజూ జరిగే పనికి కొత్త పనిని తగిలిస్తే దాన్ని గుర్తుపెట్టుకోవాల్సిన బరువు ఉండదు. తిన్నాక నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. బడిలో మధ్యాహ్నం మరో 10 నిమిషాలు నడిస్తే వారానికి 150 దాటుతుంది.

పెళ్లిళ్లు మళ్లీ వస్తాయి. ఇప్పుడే ఒక వాక్యం రాసిపెట్టుకోండి: "దావత్‌లో బగారా అన్నం ఒక్కసారే వడ్డించుకుంటా, మరునాడు పొద్దున టిఫిన్ నుంచే నా కప్పుకు వస్తా." 'సోమవారం నుంచి' అన్న మాట రాయకండి. ఒక పూట తప్పితే పోయేదేమీ లేదు, ఆ పూటను వారం చేసుకుంటేనే నష్టం.

బరువు వారానికి ఒక్కసారి, అదే రోజు, పరగడుపున చూసుకోండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు పెట్టి నడుము కొలవండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. హెచ్‌బీఏ1సీ మూడు నెలల దాకా మళ్లీ చేయించొద్దు. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. మధ్యలో చేయిస్తే పాత రోజుల లెక్క కూడా కలిసి వస్తుంది.

ప్రశ్న: గోదావరిఖనిలో బొగ్గు బాయిల పనిచేస్త. వారానికో షిఫ్టు. రాత్రి షిఫ్టు 11 నుంచి 7. బీపీ 146/94, గోళీ వాడుతున్న. నిద్ర నాలుగు గంటలకు మించదు. యోగా నేర్సుకుంటే తగ్గుతదా?

జవాబు: యోగా మంచిదే, కానీ మీకు ముందు కావాల్సింది నిద్ర. రాత్రి షిఫ్టు వారంలో పెద్ద భోజనం ఎనిమిదిన్నరకల్లా ఇంట్లోనే చేసి వెళ్లండి. నడిరాత్రి దాటాక తిన్న అన్నాన్ని ఒళ్లు సరిగా అరిగించుకోలేదు, ఆ టైముకు అరటిపండో పల్లీలో చాలు. ఆఖరి చాయ్ రెండింటికి ముందే తాగేయండి. చాయ్‌లోని కెఫీన్‌లో సగం సుమారు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. నాలుగున్నరకు తాగి ఎనిమిదింటికి పడుకుంటే నిద్ర ఎక్కడిది?

పొద్దుటి వెలుగు నిద్రను చెడగొట్టకుండా ఇంటికి వచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోండి. కళ్లు మూతలు పడుతుంటే మాత్రం బండి నడపొద్దు. కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, ఫోన్ వేరే గదిలో పెట్టి, ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా పడుకోండి. షిఫ్టుకు పోయేముందు మరో గంటన్నర. ఇది మీ ఒక్కరి వల్ల కాదు. ఆ ఐదు గంటలు తలుపు కొట్టొద్దని ఇంట్లోవాళ్లకూ పక్కింటివాళ్లకూ చెప్పాలి. అంతసేపు పడుకున్నా నిద్రమత్తు వదలక, గురక గట్టిగా వస్తుంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో డాక్టర్‌కు చూపించుకోండి. బీపీ దిగకపోవడానికి అదొక పెద్ద కారణం.

ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మనిషికి రోజుకు 5 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. ఈసారి ప్యాకెట్ విప్పిన రోజే దానిమీద పెన్నుతో తారీఖు రాయండి. కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. మామిడికాయ తొక్కులో, అప్పడాల్లో ఉన్న ఉప్పు కూడా ఆ 5 గ్రాముల లెక్కలోకే వస్తుంది. తొక్కు మానలేకపోతే ఒక పూటకు, ఒక ముక్కకు తగ్గించండి. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నా, కొన్ని రకాల బీపీ గోళీలు వాడుతున్నా అది ప్రమాదం. అడగకుండా కొనొద్దు.

బీపీ చూసుకునేముందు అరగంట చాయ్, బీడీ వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు పెట్టి కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. అంకె బాగుందని గోళీ ఆపేయొద్దు, అది గోళీ వల్లే బాగుంది. షిఫ్టు మారినప్పుడు ఏ టైముకు వేసుకోవాలో రాయించుకోండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒక 'హెల్త్ కోచ్' 90 రోజుల్లో షుగర్ గోళీలు మాన్పిస్తామంటున్నారు. పౌడర్లు కూడా వాళ్లే పంపుతారట. చేరొచ్చా? – కరీంనగర్

జవాబు: చేరకండి. మందు ఆపమనే అధికారం కోచ్‌కు లేదు. అమెరికాలో ఈ వృత్తికి 2017 నుంచి జాతీయ బోర్డు పరీక్ష ఉంది. మన దగ్గర 'సర్టిఫైడ్' అంటే చాలాసార్లు శిక్షణ ఇచ్చిన సంస్థ తానే ఇచ్చుకున్న కాగితం. మంచి కోచ్ ఏమీ అమ్మరు, ఎక్కువ వింటారు, మీ డాక్టర్ పేరు మొదటిరోజే అడుగుతారు. మొదటిసారి కూర్చుని మాట్లాడటం అయ్యేసరికి మీరు చేయబోయే ఒక్క పని, ఏ రోజు, ఏ టైముకు అన్నది మీ నోటితోనే చెప్పిస్తారు. 91వ రోజున ఏం చేయాలని అడిగి చూడండి, జవాబులోనే తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ గోళీలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు బైర్లు కమ్మడం దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. కాబట్టి తిండి తగ్గించేముందే డాక్టర్‌ను కలిసి మోతాదు మార్పించుకోండి.

ప్రశ్న: నేను దుబాయ్‌లో, బాపు జగిత్యాల దగ్గర ఊర్లో. 63 ఏళ్లు, హెచ్‌బీఏ1సీ 8.4. రోజుకు నాలుగు చాయ్‌లు, ఒక్కోదానికి మూడు చెంచాల చక్కెర. రోజూ ఫోన్‌లో చెప్తున్న, అమ్మ కొట్లాడుతున్నది. వినడు.

జవాబు: 12 చెంచాలంటే సుమారు 60 గ్రాముల చక్కెర. మీ భయం న్యాయమైనదే. కానీ మీరు మానమన్న ప్రతిసారీ ఆయన మానకపోవడానికి కారణాలు చెప్తారు, ఆ కారణాలు ఆయన మనసులోనే గట్టిపడతాయి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్ 1983లో మద్యం సమస్య ఉన్నవారి కోసం రాసి, తర్వాత అంతటా వాడుకలోకి వచ్చిన 'మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్' పద్ధతి దీనికి పనికొస్తుంది: మారాలన్న మాట అవతలి మనిషి నోటి నుంచే రావాలి.

ఫోన్‌లో ఇలా అడగండి: "బాపూ, చక్కెర తగ్గించుడు నీకు ఎంత ముఖ్యం? సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పు." ఆయన 'మూడు' అన్నారనుకోండి. "మూడేనా, ఎనిమిది ఎందుకు కాదు?" అంటే మళ్లీ వాదనే. "ఒకటి అనకుండ మూడు ఎందుకన్నవ్?" అని అడగండి. అప్పుడు ఆయన "కాళ్లు తిమ్మిరెక్కుతున్నయ్ రా" అనొచ్చు. అక్కడ ఆగి ఆ మాటే తిరిగి అనండి: "కాళ్లు తిమ్మిరెక్కుతున్నయా." తర్వాత ఆయన చెప్పేది వినండి. సలహా ఇవ్వాలనిపిస్తే ముందు "ఒక మాట చెప్పాల్నా?" అని అడగండి.

ఒప్పుకుంటే మూడు చెంచాలు రెండున్నర చేయండి, పది రోజులకు రెండు. నాలుక అంత మెల్లగా తగ్గిన తీపిని పట్టించుకోదు. బెల్లం వేసుకుంటే ఏం కాదనే మాట ఇంట్లో రానివ్వకండి, రక్తంలో రెండూ ఒకటే. పెద్ద గ్లాసు బదులు చిన్న కప్పు పెట్టమని అమ్మకు చెప్పండి, అది ఆమెకు కొట్లాట కంటే తేలిక.

8.4కు చాయ్‌లో చక్కెర తగ్గించడం ఒక్కటే మందు కాదు. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ గోళీలు ఉచితంగా ఇస్తారు, నెలనెలా వెళ్లాలి. తిమ్మిర్లు ఉంటే పాదాల పరీక్ష, కళ్ల పరీక్ష కూడా అడగమనండి. ఒట్టి కాళ్లతో పొలానికి పోవద్దు. రోజూ రాత్రి పడుకునేముందు అమ్మ టార్చి వేసి వేళ్ల సందులు, మడమలు చూడాలి. పుండు గానీ పగులు గానీ కనిపిస్తే ఇంట్లో పసుపు పెట్టి ఊరుకోకుండా ఆ రోజే చూపించండి.